ఖాళీ గడి

తెలుగిళ్ళలో గోడ క్యాలెండర్‌కి ఖాళీ గడి అంటూ ఉండదు. తేదీ కింద తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం. ఓ మూల సంకష్టహర చతుర్థి, ఇంకో మూల ఎవరిదో జయంతి. అచ్చు వదిలిన కాస్త చోటులో పాలు తీసుకోని రోజున ఒక సున్నా, గ్యాస్ బండ మార్చిన తేదీ, చీటీ కట్టాల్సిన రోజు. అలాంటి క్యాలెండర్ మేకు మీంచి దిగి భోజనాల బల్ల మీదికి వచ్చిందంటే ఆ ఇంట్లో పెళ్ళన్నా కుదిరి ఉండాలి, పెద్ద ప్రయాణమన్నా తలపెట్టి ఉండాలి.

ఈమధ్య ఆ ప్రయాణాల్లో కొండలు ఎక్కువయ్యాయి. కాశీ, బదరీ, కేదారాలతో ఆగకుండా ముక్తినాథ్‌కీ, కైలాసానికీ, ఎవరెస్ట్ బేస్ క్యాంపుకీ, కొందరైతే ఆఫ్రికాలోని కిలిమంజారోకీ రోజులు చూసుకుంటున్నారు. దసరా సెలవులకి అటూ ఇటూ శని ఆదివారాలు అతికించి, మిగిలిపోయిన లీవులన్నీ పోగేస్తే పది పన్నెండు రోజులు తేలతాయి. వెళ్ళేది ఎవరెస్ట్ బేస్ క్యాంపుకైతే, క్యాలెండర్ పక్కనే ట్రెక్కింగ్ వాళ్ళు పంపిన రోజువారీ పట్టిక పరుచుకుని ఉంటుంది. అందులో మూడో రోజు ఎదురుగా నామ్చేలో విశ్రాంతి, ఆరో రోజు ఎదురుగా డింగ్‌బోచేలో విశ్రాంతి, అన్నిటికన్నా చివర రెండు గడుల్లో ‘అదనపు రోజు’ అని మాత్రమే ఉంటుంది.

“నాన్నా, ఈ విశ్రాంతి రోజులు రెండూ, చివరి రెండూ తీసేస్తే పండగ మర్నాటికల్లా ఇంట్లో ఉంటాం.”

“తీసెయ్యి తల్లీ. విశ్రాంతేదో ఇంటికొచ్చాక తీసుకుందాం. నీ లీవులు ఖర్చవడం ఎందుకు?”

ఈ మాటలు ఏ ఒక్క ఇంటివో కావు. సెలవు దొరకడమే గగనమైన కాలంలో, అప్పు చేసో దాచుకునో బయల్దేరేవాళ్ళకి ఏమీ రాయని గడి దండగలాగే కనిపిస్తుంది. ఆ నాలుగింటి మీదా గీత కొట్టడానికి క్షణం పట్టదు. కానీ ఆ పట్టిక మొత్తంలో ఎవరెంత బతిమాలినా వదులుకోకూడని గడులు ఆ నాలుగే.

చివరి రెండింటి సంగతి ముందు చూడాలి. ఎవరెస్ట్ వైపు నడక మొదలయ్యేది లుక్లాలో. సముద్రమట్టానికి దాదాపు 2,850 మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊళ్ళో 1964లో ఎడ్మండ్ హిల్లరీ పూనుకుని విమానాలు దిగే నేల సిద్ధం చేయించాడు. తవ్విపోసిన మట్టి మెత్తగా దిగబడుతుంటే షెర్పాలని పిలిచి, వాళ్ళకి అలవాటైన, కాళ్ళతో నేలని తొక్కుతూ ఆడే ఆట ఆడించి గట్టిపరిచాడని చెబుతారు. రన్‌వేకి తారు పడడానికి 2001 దాకా ఆగాల్సి వచ్చింది. 2008లో దానికి టెన్జింగ్, హిల్లరీల పేరు పెట్టారు.

ఆ రన్‌వే పొడవు 527 మీటర్లు. శంషాబాద్ రన్‌వే 4,260 మీటర్లు. అందులో ఎనిమిదో వంతన్నమాట. అదైనా చదునుగా ఉండదు. ఒక చివర లోయ, ఇంకో చివర కొండగోడ, రెండు చివరలకీ ఎత్తులో అరవై మీటర్ల తేడా. దిగిన విమానం ఎగువకి పాకుతూ వేగం తగ్గించుకుంటుంది. వెళ్ళే విమానం దిగువకి దూసుకుపోయి, నేల అయిపోయిన చోట గాల్లో తేలుతుంది. పైలట్ కళ్ళతో చూసి దింపాల్సిందే. అందుకే విమానాలన్నీ పొద్దుటిపూటే. మధ్యాహ్నానికి లోయలోంచి గాలి లేస్తుంది, మబ్బు పైకి పాకుతుంది, ఇక ఆ రోజుకి అంతే. రద్దీ నెలల్లో చాలా విమానాలు కాఠ్మాండూ నుంచి కాకుండా రామేఛాప్ జిల్లాలోని మంథలి నుంచి ఎగురుతాయి. ఆ మంథలి చేరడానికి అర్ధరాత్రి దాటగానే జీపెక్కి నాలుగైదు గంటలు కొండదారుల్లో కుదుపులు తినాలి.

మబ్బు విడవని పొద్దుట లుక్లాలో ఎలా ఉంటుందంటే, సామాన్లు తూకం వేయించుకున్నవాళ్ళు చెవులతో చూస్తుంటారు. కళ్ళకి తెల్లటి తెర తప్ప ఏమీ ఆనదు. దూరంగా ఇంజను చప్పుడు వినపడగానే హాలంతా లేచి నిలబడుతుంది. విమానం వచ్చిందంటే దిగేవాళ్ళు దిగి, ఎక్కేవాళ్ళు ఎక్కి, అది వెనక్కి తిరగడానికి కొద్ది నిమిషాలే. చప్పుడు దగ్గరైనట్టే అయి దూరమైపోతే మళ్ళీ బెంచీల మీద కూలబడతారు. 2011 నవంబరులో ఇలాగే రోజుల తరబడి మబ్బు విడవక వేలమంది లుక్లాలో చిక్కుబడిపోయారు. కాఠ్మాండూ నుంచి ఢిల్లీకి, ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కి ముందే కొని పెట్టుకున్న టికెట్లు అక్కడ చేతిలో కాగితాలుగా మిగిలిపోతాయి. చివరి రెండు గడుల్లో ఏమీ రాసుకోనివాళ్ళు ఆ బెంచీ మీద అల్లం టీ తాగుతూ కూర్చోగలరు. ఆ గడులు కొట్టేసినవాళ్ళు హెలికాప్టర్ కోసం కార్డు గీకుతారు, లేదా అసలు ఎగరకూడని వాతావరణంలో ఎగరమని ఎవరినో ఒత్తిడి చేస్తారు. ఆ రెండోది మరీ ప్రమాదం.

ఇక మధ్యలో ఉన్న రెండు విశ్రాంతి గడులు. ఇవి మనిషి ఒంటికి సంబంధించినవి.

ఎంత ఎత్తుకి వెళ్ళినా గాలిలో ఆక్సిజన్ పాలు మారదు, 21 శాతమే. మారేది గాలి ఒత్తిడి. 5,364 మీటర్ల ఎత్తున్న బేస్ క్యాంపులో ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రపు ఒడ్డున అందేదానిలో సుమారు సగం. ఈ కొరతకి శరీరం సర్దుకోగలదు. ఊపిరి వేగం పెంచుతుంది, దానివల్ల రక్తంలో తప్పే సమతూకాన్ని మూత్రపిండాలు మెల్లగా సరిచేస్తాయి. ఆ పనికి వాటికి రోజులు కావాలి. డబ్బు పెట్టి తొందరపెట్టడానికి వీల్లేదు, పట్టుదలతో సాధించడానికీ వీల్లేదు. అందుకే కొండల వైద్యం తెలిసినవాళ్ళు ఒక లెక్క చెబుతారు. 3,000 మీటర్లు దాటాక ఈ రాత్రి పడుకునే చోటుకీ రేపు రాత్రి పడుకునే చోటుకీ మధ్య 500 మీటర్లకి మించి ఎత్తు పెరగకూడదు; మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఉండాలి.

ఈ లెక్కతో పట్టికని చూస్తే ప్రతి గడికీ అర్థం కనిపిస్తుంది. మొదటి రాత్రి ఫాక్డింగ్, 2,610 మీటర్లు. రెండో రాత్రి నామ్చే బజార్, 3,440. ఒక్క పగట్లో 830 మీటర్లు పెరిగింది కాబట్టే మూడో రాత్రి కూడా నామ్చేలోనే. తర్వాత తెంగ్‌బోచే 3,860, డింగ్‌బోచే 4,410. అక్కడ మళ్ళీ రెండో రాత్రి. ఆపైన లొబుచే 4,940, చివరి మజిలీ గోరక్ షెప్ 5,160. ఒక్క విశ్రాంతి రోజు తీసేస్తే ఆ తర్వాతి ప్రతి రాత్రీ శరీరం సిద్ధం కాని ఎత్తులోకి ఒక రోజు ముందే వెళ్ళిపడుతుంది. గీత పడింది ఒక గడి మీదే, దెబ్బ తగిలేది కింద ఉన్న గడులన్నిటికీ.

తెలుగువాళ్ళకి దీన్ని నమ్మడం కొంచెం కష్టం, అందుకు కారణమూ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికన్నా ఎత్తైన అర్మకొండ కూడా 1,700 మీటర్ల లోపే. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి చేరే తిరుమల వెయ్యి మీటర్ల లోపే. ఇక్కడి కొండలు పరీక్షించేది మోకాళ్ళనీ భక్తినీ. గోవిందా అనుకుంటూ ఆగకుండా ఎక్కినవాడు ముందు చేరతాడు. ఆ అనుభవం పట్టుకుని హిమాలయానికి వెళితే తిప్పలు తప్పవు. పొద్దున్నే ఐదు కిలోమీటర్లు పరిగెత్తే పాతికేళ్ళ కుర్రాడు తలనొప్పితో, వాంతులతో పడుంటాడు, వాడి వెనక మెల్లగా కాళ్ళీడ్చుకుంటూ వచ్చిన అరవై ఏళ్ళాయన శుభ్రంగా దాల్-భాత్ రెండోసారి వడ్డించుకుంటాడు. కండబలానికీ ఎత్తుకి అలవాటు పడటానికీ పొత్తు లేదు.

మొదట వచ్చేది తలనొప్పి, అన్నం సయించకపోవడం, నిద్ర పట్టకపోవడం. అలా ఉన్నప్పుడు ఇంకా పైకి వెళ్ళకూడదు. లక్షణాలు పెరుగుతుంటే కిందికి దిగడమే అసలు మందు. మాట తడబడినా, మడమకి బొటనవేలు ఆనించి సరళరేఖలో నడవమంటే తూలినా మెదడుకి నీరు పడుతోందని అర్థం. కూర్చున్నచోటే ఆయాసం వస్తుంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అనుమానించాలి. అప్పుడు తెల్లవారేదాకా చూద్దాం అనే మాట ప్రాణం తీస్తుంది. డింగ్‌బోచేకి కొద్ది దూరంలోని ఫెరిచేలో 1973 నుంచి హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వైద్యశాల నడుస్తోంది. సీజన్లో స్వచ్ఛందంగా వచ్చిన డాక్టర్లు మధ్యాహ్నంపూట ట్రెక్కర్లని కూర్చోబెట్టి ఈ విషయాలే విడమరిచి చెబుతారు. డయామాక్స్ బిళ్ళ గురించి అందరూ అడుగుతారు. డాక్టర్ చెబితే వాడుకోవచ్చు, అలవాటు పడటానికి సాయపడుతుంది. అయితే అది ఆ ఖాళీ గడికి బదులు రాదు.

కిలిమంజారో కథా ఇదే. 5,895 మీటర్ల ఆ కొండ మీద నేషనల్ పార్కు రుసుము రోజులెక్కన పడుతుంది కాబట్టి తక్కువ రోజుల ప్యాకేజీ చవగ్గా దొరుకుతుంది. ఐదు రోజుల్లో వెళ్ళొచ్చేయొచ్చు అన్న బేరం దగ్గర చాలామంది పడిపోతారు. ఏడెనిమిది రోజుల దారి తీసుకున్నవాళ్ళలో శిఖరం చూసేవాళ్ళు ఎక్కువ. అక్కడి గైడ్లు పగలంతా జపంలా అనే మాట ‘పోలే పోలే’. స్వాహిలీలో మెల్లగా, మెల్లగా అని. నేపాలీలు ‘బిస్తారై’ అంటారు. తెలుగులోనూ నిదానమే ప్రధానం అనే మాట ఉండనే ఉంది, కానీ బల్ల దగ్గర కూర్చున్నప్పుడు ఎందుకో ఆలస్యం అమృతం విషం అన్న మాటే ముందు గుర్తొస్తుంది.

ఖాళీ రోజు విలువ ఎంతో చెప్పడానికి హిమాలయం దాకా వెళ్ళక్కర్లేదు, విశాఖపట్నంలోనే మొదలుపెట్టొచ్చు. 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను ఆ నగరం మీద తీరం దాటింది. కైలాసగిరి మీద చెట్లు మోడులైపోయాయి, విమానాశ్రయం పైకప్పు చీలిపోయింది, రోజుల తరబడి ఊరంతా చీకటి. ఆ రోజుని విశాఖవాసులు ఎవరూ మరిచిపోలేదు. టీవీల్లో తుపాను బలహీనపడిందన్న మాట వినపడగానే రాష్ట్రమంతా ఊపిరి పీల్చుకుంది.

బలహీనపడింది నిజమే, ఆగలేదు. తేమ నిండిన ఆ మబ్బు ఛత్తీస్‌గఢ్ మీదుగా, ఉత్తరప్రదేశ్ మీదుగా ఉత్తరానికి సాగిపోయింది. రెండు రోజులకి, అక్టోబరు 14న, నేపాల్‌లో అన్నపూర్ణ పర్వతాల దగ్గరికి చేరి, వానగా కురవాల్సింది మంచుగా కురిసింది. ఆ సమయానికి 5,416 మీటర్ల ఎత్తున్న థొరాంగ్ లా కనుమ మీద వందలమంది ఉన్నారు. ఆ కనుమ దాటి అటువైపు దిగితే వచ్చేది ముక్తినాథ్, తెలుగు యాత్రికులు ఏటా ఎంతో దూరం వెళ్ళి నూట ఎనిమిది ధారల కింద తల తడుపుకునే చోటు. అక్టోబరు అంటే నేపాల్ కొండలకి అన్నిటికన్నా మంచి నెల. వానలు వెనక్కి తగ్గి, ఆకాశం కడిగినట్టు ఉండే రోజులు. అలాంటి నెలలో నడుముల్లోతు మంచు పడి దారి గుర్తులన్నీ కప్పేసింది. కనీసం 43 మంది ప్రాణాలు పోయాయి. దూరదేశాల ట్రెక్కర్లతో పాటు నేపాలీ గైడ్లు, బరువులు మోసేవాళ్ళు, యాక్‌ల కాపర్లు కూడా వాళ్ళలో ఉన్నారు. ఐదొందల మందికి పైగా రక్షించి కిందికి దించారు.

బంగాళాఖాతంలో పుట్టి విశాఖ చెట్లని పెకలించిన గాలి, హిమాలయాల్లో మంచై మనుషుల్ని కప్పెట్టింది. రెండూ ఒకే తుపాను. పోయినవాళ్ళని తప్పుపట్టడానికి ఎవరికీ హక్కు లేదు. అంత ఎత్తున కబురు అందడమే కష్టం, అందిన కబురుని నమ్మించడం ఇంకా కష్టం. అయితే కోస్తావాళ్ళకి తెలిసిన ఒక సంగతి అక్టోబరులో కొండలకి బయల్దేరే ప్రతివాళ్ళకీ తెలియాలి. దసరా, దీపావళి రోజులు హిమాలయంలో ట్రెక్కింగ్ రోజులైనట్టే బంగాళాఖాతంలో తుపాను రోజులు కూడా. కాకినాడలోనో భీమిలిలోనో ‘వేటకి వెళ్ళొద్దు’ అన్న కబురు రాగానే పడవల్ని ఒడ్డుకి లాగి, తాళ్ళతో బిగించి, వలలు సర్దుకుంటూ కూర్చుంటారు. ఆ రోజు కూలి పోతుంది. పోతుందని తెలిసే కూర్చుంటారు. కొండ కింది ఊళ్ళో అలా కూర్చోగలిగే వీలు పట్టికలో ఒక గడి ఉంటేనే వస్తుంది. మర్నాడు పొద్దున్నే తప్పనిసరిగా కనుమ దాటాల్సిన పట్టికలో ఆకాశం ఎలా ఉన్నా బయటికి అడుగు పెట్టాల్సి వస్తుంది.

తేదీల్ని ఇంతకన్నా బిగించి, ఇంతకన్నా తెలివిగా పేర్చిన తెలుగువాడు ఒకరున్నారు. నెల్లూరు జిల్లా సంగం మండలంలోని గాంధీ జనసంఘం అనే పల్లెలో పుట్టిన మల్లి మస్తాన్ బాబు. విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివేటప్పుడు, 1985లో ఎవరెస్ట్ మీద ప్రాణాలు వదిలిన అదే బడి పూర్వ విద్యార్థి లెఫ్టినెంట్ ఉదయభాస్కరరావు విగ్రహం అతనికి రోజూ కనిపించేది. తర్వాత ఖరగ్‌పూర్ ఐఐటీ, కలకత్తా ఐఐఎం. ఆ చదువులు చదివినవాళ్ళు మామూలుగా వెళ్ళే దారి వదిలి అతను కొండలదారి పట్టాడు. 2006లో ఏడు ఖండాల్లోని ఏడు ఎత్తైన శిఖరాల్ని 172 రోజుల్లో ఎక్కాడు.

ఆ తేదీల వరసని క్యాలెండర్ పక్కన పెట్టుకుని చూస్తే మనిషి ఆలోచన ఎంత దూరం వెళ్ళిందో కనిపిస్తుంది. జనవరి 19న అంటార్కిటికాలో విన్సన్. దక్షిణార్ధగోళంలో అది నడివేసవి. అదే వేసవి తోకలో ఫిబ్రవరి 17న దక్షిణ అమెరికాలో అకొంకాగ్వా. మార్చి 15న కిలిమంజారో, ఏప్రిల్ 1న ఆస్ట్రేలియాలో కాజియస్కో. ఎవరెస్ట్ మీద గాలి నెమ్మదించి దారి దొరికేది మే నెలలో. మే 21న అక్కడ. జూన్ 13న రష్యాలో ఎల్బ్రస్, జులై 10న అలాస్కాలో డెనాలి. భూమి మీద వేసవి దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతుంటే దాని వెనకే తనూ జరిగాడు. వారాలు లెక్కేస్తే గురు, శుక్ర, బుధ, శని, ఆది, మంగళ, సోమ: ఏడు శిఖరాలకి ఏడు వారాలు, ఒక్కటీ రెండోసారి రాలేదు. వారం, తిథి చూసుకుని గడప దాటే జాతిలో పుట్టినవాడు వారాలన్నిటినీ శిఖరాల మీద గడిపాడు.

మరో తొమ్మిదేళ్ళకి, 2015 మార్చిలో, అర్జెంటీనా, చిలీ సరిహద్దులో ఆండీస్ పర్వతాల్లోని ట్రెస్ క్రూసెస్ సూర్ దగ్గర వాతావరణం చెడింది. ఒంటరిగా పైకి వెళ్ళిన మస్తాన్ బాబు తిరిగి రాలేదు. వెతికి వెతికి ఏప్రిల్ మొదటి వారంలో అతన్ని కనుక్కున్నారు. నలభై ఒకటో ఏట అడుగుపెట్టినవాడు సంగానికి పెట్టెలో వచ్చాడు. అంత లెక్క తెలిసినవాడికి కూడా కొండ తన లెక్క వేరే ఉంచుకుంది. ఈ మాట రాయడం తేలిక కాదు, అతని పేరు చెప్పుకుని ఎందరో తెలుగు పిల్లలు కొండలెక్కుతున్నారు కాబట్టి రాయక తప్పదు.

ఆ పిల్లల్లో అందరికీ తెలిసిన పేరు మాలావత్ పూర్ణ. నిజామాబాద్ జిల్లా పాకాల తండా పిల్ల. 2014 మే 25న ఎవరెస్ట్ శిఖరం మీద నిలబడేనాటికి పదమూడేళ్ళ పదకొండు నెలలు. పక్కన ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్. పేపర్లలో ఆ ఉదయం ఫొటోలే వచ్చాయి. దాని వెనక భువనగిరి రాతికొండ మీద తాడు పట్టుకోవడంతో మొదలై డార్జిలింగ్, లద్దాఖ్‌ల దాకా సాగిన నెలల సాధన ఉంది. పదహారేళ్ళు నిండనివాళ్ళని నేపాల్ తన వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కనివ్వదు కాబట్టి వాళ్ళు టిబెట్ వైపు నుంచి వెళ్ళారు. ఆ ఏడే ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు విరిగిపడి 16 మంది నేపాలీ కార్మికులు చనిపోయారన్న వార్త వాళ్ళు అక్కడ ఉండగానే వచ్చింది. అయినా ఆ పిల్లలు ఆగి, అలవాటు పడుతూ, పైకి వెళ్ళి కిందికి దిగుతూ దాదాపు యాభై రోజులు గడిపారు. శిఖరం మీద నిలబడింది కొద్ది నిమిషాలే. మిగిలినదంతా ఎదురుచూపు.

కాగితాల పని గురించి పెద్దగా చెప్పేదేం లేదు, తేదీలు తప్ప. వాటికీ ఖాళీ రోజులు కావాలి. పాస్‌పోర్టుకి ప్రయాణం నాటికి ఆరు నెలలన్నా గడువు ఉండాలని చాలా దేశాలు అడుగుతాయి. నేపాల్‌కి భారతీయులకి వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్ళే పెద్దవాళ్ళకి పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి, ఆధార్ ఒక్కటే పట్టుకెళ్ళి కౌంటర్ దగ్గర ఆగిపోయేవాళ్ళు ఉన్నారు. అక్కడ గడియారం పావుగంట ముందు, వారం సెలవు శనివారం. ఆల్ప్స్ చూడాలంటే షెంగెన్ వీసా. దానికి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పదిహేను రోజుల ముందు దాకా దరఖాస్తు చేసుకోవచ్చు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి. పదిహేను రోజులు చాలునని చివరిదాకా ఉండకూడదు. వేసవిలో అపాయింట్‌మెంట్ దొరకడానికే వారాలు పడుతుంది. కెన్యా మీదుగా కిలిమంజారోకి వెళ్ళి వచ్చేవాళ్ళు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని ఉండాలి. ఆ సర్టిఫికెట్ టీకా వేసిన పదో రోజు నుంచే చెల్లుతుంది. హైదరాబాద్‌లో ఆ టీకా నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో వేస్తారు. బీమా పాలసీలో మాత్రం ఒక్క వాక్యం వెతికి చదవాలి: ట్రెక్కింగ్ ఎన్ని మీటర్ల దాకా వర్తిస్తుంది, హెలికాప్టర్ ఖర్చు కలిసిందా లేదా అని. 6,000 మీటర్ల దాకా అని స్పష్టంగా రాసి ఉన్నది చూసుకోవాలి.

కైలాస యాత్ర వేరే సంగతి, అది వయసు మీదపడ్డాక మొక్కుగా వెళ్ళేది. ఐదేళ్ళు ఆగిపోయిన ప్రభుత్వ యాత్ర 2025లో మళ్ళీ మొదలైంది. దానికి ఢిల్లీలో వైద్య పరీక్షలు చేసి, పైకి వెళ్ళాక మళ్ళీ చేసి, కాదన్నవాళ్ళని వెనక్కి పంపేస్తారు. కన్నీళ్ళు పెట్టుకున్నా పంపేస్తారు. ఆ కఠినత్వం వెనక ఉన్నది ప్రేమే. 4,590 మీటర్ల ఎత్తున మానస సరోవరం, పరిక్రమ దారిలో 5,600 మీటర్లు దాటే డోల్మా లా. జీపుల్లో, హెలికాప్టర్లలో రెండు మూడు రోజుల్లో అక్కడికి చేర్చే ప్రైవేటు యాత్రల్లో అమ్మనో నాన్ననో పంపే పిల్లలు టికెట్ ధర కంటే ముందు అడగాల్సింది, మధ్యలో ఎన్ని రాత్రులు ఆపుతారు అని.

ఆపడం అనేదానికి తెలుగులో ఎంత మంచి మాట ఉందో! మజిలీ. ఇప్పుడు ప్లాన్, ఐటినరీ అంటున్నారు గానీ 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య లెక్కంతా మజిలీల్లోనే సాగింది. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్ ఉద్యోగానికి సెలవు పెట్టి, సుమారు వందమంది పరివారంతో వెళ్ళి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. దాదాపు పదిహేనున్నర నెలలు. దారిలో స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకి రాసిన ఉత్తరాలే 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయ్యాయి. ఏ ఊళ్ళో దిగొచ్చు, ఎక్కడ నీళ్ళు మంచివి, ఏ అంగట్లో ఏం దొరుకుతుంది, దారి ఎలా ఉంది: వెనక వచ్చేవాళ్ళకి పనికిరావాలని అన్నీ రాసిపెట్టాడు. తెలుగులో అది మొదటి ప్రయాణ పట్టిక అనుకుంటే తప్పులేదు. తర్వాత మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన కాశీమజిలీ కథల్లోనూ అంతే, కాశీకి నడుస్తున్న గురువు దారి పొడుగునా కథ చెప్పేది ఆగిన చోటే. నడిచేటప్పుడు దూరం తరుగుతుంది, కథ మాత్రం మజిలీలోనే వస్తుంది.

నామ్చే అలాంటి మజిలీ. గుర్రపు నాడాలా వంగిన కొండ ఒడిలో మెట్లు మెట్లుగా ఇళ్ళు, ఎదురుగా లోయకి అవతల కొంగ్దే మంచుగోడ. విశ్రాంతి అని పట్టికలో రాసిన రోజున ఎవరూ మంచం మీద పడుకోరు. పొద్దున్నే స్యాంగ్‌బోచే మీదుగా 3,880 మీటర్ల ఎత్తున్న ఎవరెస్ట్ వ్యూ హోటల్ దాకా ఎక్కుతారు. 1971లో జపాన్‌వాళ్ళు కట్టిన ఆ హోటల్ వరండాలోంచి అమా దబ్లాం, లోత్సే, వాటి వెనక తల మాత్రం కనపడే ఎవరెస్ట్. కాసేపు కూర్చుని, గుండె దడ సర్దుకున్నాక, మళ్ళీ నామ్చేకి దిగిపోతారు. ఎత్తుకి ఎక్కి, కింద పడుకోవడం. శరీరానికి ఈ పాఠం నేర్పడానికే ఆ రోజు.

ఆ రోజు శనివారమైతే ఇంకా మంచిది. నామ్చేలో శనివారం సంత. కింది ఊళ్ళ నుంచి రోజులు నడిచి బియ్యం బస్తాలు, కోడిగుడ్ల అరలు, నూనె డబ్బాలు, క్యాబేజీలు మోసుకొస్తారు. మోసేవాళ్ళలో చాలామంది ఈ ఎత్తున పుట్టినవాళ్ళు కారు, కింది లోయల నుంచి వచ్చిన రాయ్‌లు, తమాంగ్‌లు. ఎత్తు వాళ్ళకి కూడా తలనొప్పి పుట్టిస్తుంది. సంతలో అరకు సంతలాగే బేరాలు, నవ్వులు, తూకం దగ్గర తగాదాలు. విశ్రాంతి గడి కొట్టెయ్యకుండా హైదరాబాద్ నుంచి వచ్చిన అమ్మాయి, ఆమె నాన్న చేతుల్లో టీ గ్లాసులు పట్టుకుని మెట్ల పక్కన గట్టు మీద కూర్చుని చూడగలిగేది అంతా ఇదే.

కింద మెట్ల వంపులో ఒక మనిషి కనిపిస్తాడు. వీపు మీద వెదురు బుట్ట, అందులో అతని తల దాటిన బరువు, బరువంతా నుదుటి మీది పట్టీ మీద. నామ్లో అంటారు దాన్ని. చేతిలో ఇంగ్లీషు ‘T’ అక్షరం ఆకారంలో పొట్టి కర్ర, తోక్మా. పదిహేను ఇరవై మెట్లెక్కి ఆగుతాడు. కర్రని వెనక్కి తీసుకెళ్ళి బుట్ట అడుగున ఆనిస్తాడు. బరువు దాని మీదికి జారుతుంది, మెడ నిటారుగా లేస్తుంది, పెదాలు సున్నాలా చుట్టి ఈల వేసినట్టు పొడుగ్గా ఊపిరి వదులుతాడు. పక్కనుంచి ఇద్దరు కుర్రాళ్ళు గబగబా ఎక్కిపోతుంటే దారి ఇస్తాడు. ఇంకో ఊపిరి. తర్వాత కర్ర తీసి, పట్టీ నుదుటికి సర్దుకుని, మళ్ళీ పదిహేను మెట్లు. బుట్టలో పైన కనపడేవి బంగాళాదుంపలు. సంత ఇంకా సగమే నిండింది.